విప్పడమూ పనే, దానికీ విలువ కట్టాలి

కారు వెనక స్ప్రింగులు మార్చడానికి గ్యారేజీలో రాసిచ్చే ఎస్టిమేట్ కాగితం చూడండి. స్ప్రింగులు రెండు, వాటి రబ్బరు సీట్లు, లేబర్ చార్జీ, కావాలంటే అలైన్‌మెంట్. అంతే. పాత బోల్టు ఊడకపోతే ఏం చేస్తారో, ఎంతసేపు పడుతుందో, ఆ సమయానికి డబ్బు ఎవరిస్తారో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. కాకినాడలో కార్ల కింద దూరి బతుకుతున్న మెకానిక్‌గా నేను చెప్పదలుచుకున్నది ఆ రాయని వరుస గురించే. పట్టేసిన బోల్టును, దాని చుట్టూ ఉన్నవేవీ పాడవకుండా విప్పడం నేర్చుకోవాల్సిన పని, సమయం పట్టే పని, కూలి ఇవ్వాల్సిన పని. దాన్ని లెక్కలోకి తీసుకోనన్నాళ్లూ మన గ్యారేజీల్లో తొందర దెబ్బలు పడుతూనే ఉంటాయి. వాటి ఫలితం మాత్రం ఆ బండెక్కి తిరిగే కుటుంబం అనుభవిస్తుంది.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లకు వెనక రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక బీమ్ ఉంటుంది. దాని మీద చెరో పక్కా స్ప్రింగు కూర్చుంటుంది. షాక్ అబ్జార్బర్, అంటే మేం షాకప్ అనేది, విడిగా నిలబడి ఉంటుంది. బండిని లేపి, బాడీ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు తీసి, బీమ్ కింద జాకీ ఆనించి, రెండు షాకప్‌ల కింది బోల్టులు తీస్తే బీమ్ నెమ్మదిగా దిగుతుంది. బ్రేకు గొట్టాలు, సెన్సర్ వైర్లు లాగుకోకుండా చూసుకుంటే స్ప్రింగు చేత్తోనే బయటికొస్తుంది. బోల్టులు సవ్యంగా వస్తే ఒక పూటలో రెండు వైపులా అయిపోతుంది. రాకపోతే ఒక్క బోల్టే పొద్దంతా తినేస్తుంది.

ఎందుకు రాదు? ఆ కింది బోల్టు షాకప్ అడుగున ఉన్న రబ్బరు బుష్ మధ్యలోంచి వెళ్తుంది. రబ్బరు లోపల ఒక ఇనుప గొట్టం ఉంటుంది. బోల్టు కాడ దూరేది అందులోనే. రెండింటి మధ్యా సందు చాలా సన్నం. అందులోకి చేరిన నీటికి ఆరే దారి లేదు. ఇనుము తుప్పుగా మారితే అంతకుముందున్న దానికి రెండింతలకు మించి చోటు అడుగుతుంది. చోటే లేని సందులో ఉబ్బిన ఆ తుప్పు కాడనూ గొట్టాన్నీ కలిపి బిగించేస్తుంది. పైకి కనిపించే నట్టు సులువుగానే ఊడి రావచ్చు, కాడ మాత్రం కదలదు. పానా వేసి తిప్పితే బోల్టు కొంచెం తిరిగినట్టే ఉండి, వదలగానే పురిపెట్టిన తాడులా వెనక్కి వస్తుంది. అప్పుడు బోల్టు గొట్టంలో తిరగలేదన్నమాట. గొట్టమూ దానితోనే తిరిగి, చుట్టూ ఉన్న రబ్బరు మెలిపడింది. ఈ గుణం చేతికి తెలిసినవాడు అక్కడే ఆగి ఆలోచిస్తాడు. తెలియనివాడు పానాకు ఇంకా పొడుగు పైపు తగిలిస్తాడు.

మా ఊళ్లో ఈ కష్టం ఎక్కువ. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అల్పపీడనం పట్టిన రోజుల్లో అలలు గట్టు దాటి రోడ్డు మీద పడతాయి. ఆ నీళ్లలోంచే బళ్లు వెళ్తాయి. ఇంటికెళ్లాక అద్దాలూ డోర్లూ కడుగుతారు గానీ బండి కింద మంచినీళ్లు కొట్టేవాళ్లు తక్కువ. తుప్పు పట్టడం విద్యుత్తుతో కూడిన రసాయన చర్య. ఉప్పు కలిసిన తేమ ఆ విద్యుత్తుకు మంచి దారి. అందుకే అనంతపురంలో తిరిగిన బండీ, ఇక్కడ తిరిగిన బండీ ఒకే ఏడాదివైనా కింది భాగం ఒక్కలా ఉండదు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఉంటున్న మనవాళ్లకూ ఈ బాధ అనుభవమే.

స్ప్రింగు విరగడానికి కూడా చాలాసార్లు ఇదే మూలం. సీటులో కూర్చునే అడుగు చుట్టు దగ్గర మట్టీ నీరూ నిలుస్తాయి, రాపిడికి రంగు లేచిపోతుంది, అక్కడ తుప్పు చిన్న గుంట తవ్వుతుంది. గతుకులో పడ్డ ప్రతిసారీ ఆ గుంట దగ్గర పగులు కొంచెం కొంచెం పెరిగి ఒకరోజు చుట్టు తెగుతుంది. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ బరువు మోసే ట్యాక్సీలకైతే స్ప్రింగులు ముందు కుంగుతాయి. దీన్నిబట్టి తేలేది ఒకటే: మా తీరం వెంబడి స్ప్రింగు మార్చాల్సి వచ్చిన బండి అంటేనే బోల్టు పట్టేసి ఉండటానికి అవకాశం ఉన్న బండి. అది ముందే తెలిసిన సంగతి. తెలిసిన సంగతిని ఎస్టిమేట్‌లో రాయకపోవడం నాకు సమ్మతం కాదు.

రాయకపోతే ఏమవుతుంది? ఒప్పుకున్న లేబర్ చార్జీ మారదు, బయట ఇంకో రెండు బళ్లు ఆగి ఉంటాయి. చేతిలో ఏ పనిముట్టు ఉంటే దానితో కొట్టేస్తారు. అందులో మొదటి ప్రమాదం మంట. వెనక బీమ్‌కు కాస్త ముందు, వెనక సీటు కింద పెట్రోల్ ట్యాంకు ఉంటుంది. షాకప్ లోపల నూనె ఉంటుంది, చాలా వాటిలో ఒత్తిడితో నింపిన గ్యాసు కూడా ఉంటుంది. పక్కనే రబ్బరు బ్రేకు గొట్టం. ఇన్నింటి మధ్య గ్యాస్ మంట వెలిగించడం మనిషి ప్రాణంతో పందెం కాయడమే. ఆ వేడి స్ప్రింగుకు తగిలితే దాని ఉక్కుకు పెట్టిన పదును దిగిపోతుంది. వెల్డింగ్ రాడ్ పొరపాటున స్ప్రింగుకు అంటుకుని ఒక చుక్క పడ్డా, రేపటి పగులు అక్కడే మొదలవుతుంది.

రెండోది బలం. కొన్ని కార్లలో బోల్టు బిగుసుకునే నట్టు బయటికి కనిపించదు, మూసిన రేకు పెట్టె లోపల వెల్డింగ్ చేసి ఉంటుంది. పైపు తగిలించి ఇద్దరు వేలాడితే ఆ వెల్డింగ్ తెగి, నట్టు లోపలే గిరగిరా తిరుగుతుంది. ఇక రేకు కోసి కిటికీ తెరిచి మళ్లీ అతకాలి. ఖర్చు స్ప్రింగుల ధరను దాటిపోతుంది. పైగా అంత బలంగా లాగుతుంటే బండి ఊగుతుంది. స్టాండ్లు లేకుండా జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి అలా ఊగితే కింద ఉన్న కుర్రాడి మీదకే దిగుతుంది. ఎంత అర్జెంటు పనైనా, ఎంత తెలిసిన చెయ్యైనా, స్టాండు లేని బండి కింద దూరకూడదు. మా గ్యారేజీలో ఈ ఒక్క మాట మీద బేరం లేదు.

మూడోది బయటికి కనిపించదు కాబట్టి మరీ చెడ్డది. పాత బోల్టు విరిగాక సందు చివర హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి, లావు సరిపోయిన బోల్టు ఏదో ఒకటి తెచ్చి బిగించేస్తారు. కారు బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకెలుంటాయి. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల లాగుడుకు తట్టుకుంటుంది, అందులో 80 శాతం వరకూ శాశ్వతంగా సాగదు. ఇంటి గేటుకు వాడే మామూలు 4.6 బోల్టు బలం అందులో సగం. మర కూడా చూడాలి. 12 మిల్లీమీటర్ల బోల్టుకే 1.25 మర ఉంది, 1.5 ఉంది, 1.75 ఉంది. సరిపడని దాన్ని బలవంతంగా ఎక్కిస్తే లోపలి నట్టు మరలు పోతాయి. బండి బయటికెళ్లేటప్పుడు ఏ తేడా తెలియదు. నిండా మనుషులతో, డిక్కీలో సామానుతో హైవే ఎక్కినప్పుడు ఆ బోల్టు మీద పడే భారం వేరు.

సరైన పద్ధతిలో రహస్యమేమీ లేదు, క్రమం ఉంది. ముందురోజు సాయంత్రమే వైర్ బ్రష్‌తో బయటికి పొడుచుకొచ్చిన మరల మీది తుప్పు, మట్టి గీకెయ్యాలి. తుప్పు వదిలించే నూనె బోల్టుకు రెండు వైపుల నుంచీ పెట్టి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్న మళ్లీ పెట్టాలి. కిరసనాయిలు, డీజిల్ చవకే గానీ ఉంచబోయే రబ్బరు బుష్ మీద పొయ్యకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. అందరూ అడిగే డబ్ల్యూడీ-40 ని 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో తయారు చేసింది తేమను తరిమి తుప్పును ఆపడానికి. పట్టేసిన మరల్లోకి దూరడానికే చేసిన నూనెలు విడిగా దొరుకుతాయి, అవి కొనండి.

తల మీద పెట్టేది ఆరు మూలల సాకెట్ అయి ఉండాలి. పన్నెండు పళ్ల రింగు పానా తుప్పు తిన్న తలను గుండ్రంగా చేసేస్తుంది. ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు కొంచెం కదపాలి. తుప్పు పట్టు అక్కడ విరుగుతుంది. కదిలాక పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకి, మళ్లీ నూనె. ఇంపాక్ట్ గన్ ఉంటే చిన్న చిన్న దెబ్బలతో తుప్పును అదిలిస్తుంది. పొడుగు పైపుతో ఒకేసారి వేసే బలం కన్నా అది మేలు. వేడి పెట్టక తప్పని చోట మంట లేకుండా కరెంటు చుట్టతో నట్టును మాత్రమే వేడి చేసే పరికరం ఉంది. 12 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నట్టును 300 డిగ్రీలు వేడెక్కిస్తే ఆ రంధ్రం పెరిగేది మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతులే. తుప్పు పొర పగలడానికి ఆ కాస్త చాలు.

ఇవన్నీ చేసినా కాడ గొట్టంలోంచి రాకపోతే కొయ్యాలి. షాకప్ ఎలాగూ మార్చేదే అయితే బుష్‌కూ బ్రాకెట్‌కూ మధ్య సందులో బ్లేడు పెట్టి రెండు వైపులా బోల్టును తెగకోస్తే, బ్రాకెట్‌కు గీత పడకుండా షాకప్ బయటికొస్తుంది. పోయేది ఒక బోల్టు, ఒక పాత బుష్. మిగిలేది బీమ్. ముందే ఆలోచించి, బండి యజమానికి చెప్పి కొయ్యడం మంచి పనితనం. విసుగొచ్చి గ్రైండర్ పట్టుకోవడం వేరే సంగతి.

బిగించేటప్పుడు చేసే పని మీదే తర్వాతి మెకానిక్ కష్టం ఆధారపడుతుంది. కాడ మీద, గొట్టం లోపల పలచగా కాపర్ పేస్టు పూస్తే మళ్లీ పట్టెయ్యదు. మరలకు మాత్రం కంపెనీ చెప్తేనే పూయాలి. జారుడు పెరిగిన మర మీద అదే టార్క్ పెడితే బోల్టు అవసరానికి మించి సాగుతుంది. స్ప్రింగులు జతగానే మార్చాలి. చివరి బిగింపు చక్రాలు నేలకు ఆని, బండి బరువు స్ప్రింగుల మీద పడ్డాకే చెయ్యాలి. బీమ్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బండి దిగగానే మెలిపడి, రోజంతా ఆ మెలితోనే తిరిగి తొందరగా చిరుగుతుంది. టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో ఈ బోల్టు బిగించే గ్యారేజీకి నేను నా బండి ఇవ్వను.

ఇంత చెప్పాక నాకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఉప్పాడ వైపు నుంచి విరిగిన స్ప్రింగుతో వచ్చిన ఒక మాస్టారు దాన్ని సూటిగానే అడిగారు.

"స్ప్రింగులు మార్చడానికి ఇంత అన్నావు. బోల్టు ఊడకపోతే ఇంకొంత అంటున్నావు. అది ఊడిందో లేదో నాకెలా తెలుస్తుందయ్యా? అందరూ ఇలాగే చెప్పి లాగుతారు కదా."

"బండి ఈ రాత్రికి ఇక్కడే ఉంచండి మాస్టారూ. నూనె పెట్టి నానబెడతాను. పొద్దున్న మీరే వచ్చి పక్కన నిలబడండి. వచ్చేస్తే పైసా ఎక్కువ తీసుకోనండి. రాకపోతే ఎంతవరకు అవుతుందో ఇప్పుడే కాగితం మీద రాసిస్తాను, అది దాటితే నాదే."

ఆయన అనుమానం న్యాయమైనదే. కనిపించని చోట జరిగే పనికి డబ్బు అడిగినప్పుడు రుజువు చూపించాల్సిన బాధ్యత మాది. అందుకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. విప్పకముందు బోల్టు ఫోటో, విప్పుతున్నప్పుడు చిన్న వీడియో, విప్పాక పాత బోల్టు యజమాని చేతికి, గంట కూలి ఎంతో, ఎంతకు మించదో ముందే రాసిన కాగితం. ఈ నాలుగూ ఇస్తే డబ్బిచ్చేవాళ్లు ఇస్తారు. మాస్టారి బండికి ఒక వైపు బోల్టు పొద్దున్నే వచ్చేసింది, రెండోది కొయ్యాల్సి వచ్చింది. ఆయన పక్కనే ఉండి చూశారు, రాసిన మొత్తంలోనే బిల్లు అయింది, మాట పట్టింపు రాలేదు.

ఎస్టిమేట్‌లో విప్పే పనికి వరుస లేకపోవడం వల్ల ఎక్కువ నష్టపోయేది పని నేర్చుకునే కుర్రాడు. బండికింత అని కూలి తీసుకునేవాడికి నూనె నానడం కోసం ఆగిన సమయమంతా నష్టమే. జాగ్రత్త పడితే డబ్బు తగ్గుతుంది, తొందరపడితే పెరుగుతుంది అనే లెక్క పెట్టి, జాగ్రత్తగా చెయ్యమని అతన్ని కోప్పడటం అన్యాయం. విప్పే గంటలకు కూలి విడిగా కట్టిన రోజున మంట వెలిగించాల్సిన అవసరం అతనికి ఉండదు.

చదువు సంగతీ చెప్పాలి. ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లు. అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చే పిల్లలు తెలివైనవాళ్లు, ఇంజన్ భాగాల పేర్లు గడగడా చెబుతారు. కానీ వాళ్లు ప్రాక్టికల్‌లో విప్పిన ఇంజన్లు వాళ్లకు ముందు ఎన్నో బ్యాచ్‌లు విప్పి బిగించినవి. ఆ బోల్టులు అరిగి, నూనె పట్టి, వేళ్లతో తిప్పితే వచ్చేస్తాయి. పట్టేసిన బోల్టు అంటే ఏమిటో ఆ పిల్లలు మొదటిసారి చూసేది గ్యారేజీలో, ఎవరిదో బండి కింద, పైనుంచి ఎవరో తొందరపెడుతుంటే. నేర్చుకోవడానికి అంతకంటే చెడ్డ చోటు లేదు.

దీనికి కావాల్సిన సరంజామా ప్రభుత్వం దగ్గరే ఉంది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది, అవి తుక్కుకు వెళ్తున్నాయి. ఆ జీపుల, కార్ల వెనక యాక్సిళ్లను తుప్పుతో సహా కొన్నింటిని ఐటీఐలకు ఇప్పించండి. ప్రతి విద్యార్థీ కోర్సు పూర్తి చేసేలోగా నూనె పెట్టి ఒకటి, వేడి చేసి ఒకటి, కోసి ఒకటి, విరిగిన ముక్కను డ్రిల్లు వేసి ఒకటి తీసి చూపించాలి. దానికి మార్కులుండాలి. ముఖ్యంగా తీరప్రాంత జిల్లాల ఐటీఐల్లో ఇది ఉండి తీరాలి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా అక్కడ చదివిన పిల్లలు రేపు చేతులు పెట్టేది ఉప్పుగాలి తిన్న బళ్ల మీదే.

సొంత కార్లకు కూడా 15 ఏళ్ల తర్వాత పరీక్ష నెగ్గితే మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకునే వీలుంది. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి అది ఉండాల్సిన వీలే. అయితే బండి వయసు పెరిగేకొద్దీ అది నిలబడేది ఎంత బాగా విప్పి బిగించారన్న దాని మీద. బండి యజమానులకు నా విన్నపం: సముద్రం దగ్గర తిరిగిన బండి కింద తరచుగా మంచినీళ్లు కొట్టించండి. స్ప్రింగు పనికి బండి ఇచ్చేటప్పుడు ఒక రాత్రి అదనంగా ఇవ్వండి. బిగించిన బోల్టు తల మీద అంకె ఎంతో అడిగి చూడండి. తోటి గ్యారేజీల వాళ్లకు చెప్పేది: విప్పే గంటకు రేటు గోడ మీద రాసి పెట్టండి, పాత బోల్టు చేతిలో పెట్టి డబ్బు తీసుకోండి, అందులో కుర్రాడి వాటా కుర్రాడికి ఇవ్వండి. ఇది ఏ చట్టం కోసమూ ఆగక్కర్లేని పని, రేపు పొద్దున్న షట్టర్ ఎత్తగానే మొదలుపెట్టవచ్చు.